ఘాటు దగ్గా? టి.బి. దగ్గా?

పల్నాడులో మిరప కోతల కాలం. ఏ ఊరి కళ్ళంలో చూసినా ఎర్రని కాయలే. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. ఘాటుకు కళ్ళు మండుతాయి. ముక్కు కారుతుంది. అందరూ దగ్గుతుంటారు. అందుకే అక్కడ ఎవరు దగ్గినా ఎవరూ పట్టించుకోరు.

గురజాల వైపు ఒక ఊరు అనుకుందాం. ఆ ఊరి కళ్ళంలో ఇద్దరు కూలీ ఆడవాళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. ఒకామె పెద్దది. ఇంకొకామె చిన్నది.

"ఏందక్కా, నీ దగ్గు ఇంకా తగ్గలేదా?" అని చిన్నామె అడిగింది.

"ఇంత ఘాటులో కూర్చుంటే దగ్గు రాక ఏమొస్తదే? కోతలు అయిపోతే అదే పోద్ది" అంది పెద్దామె.

"మేమూ ఘాటులోనే కూర్చున్నాం గదా! ఇంటికి పోయి మొహం కడుక్కుంటే మా దగ్గు పోతంది. నువ్వు రాత్రంతా దగ్గుతున్నావంట. మీ కోడలు చెప్పింది."

పెద్దామె మాట్లాడలేదు. దగ్గు మొదలై నెల దాటింది. రోజూ సాయంత్రం ఒళ్ళు వెచ్చబడుతోంది. రాత్రి చెమటలు పడుతున్నాయి. అన్నం సహించడం లేదు. రవికెలు వదులయ్యాయి. కాసేపటికి మెల్లగా అంది.

"టి.బి. అంటారేమోనని భయమే. టి.బి. అంటే ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? 'ఆ రోగం' కూడా ఉందంటారు. ఇంట్లో ఎదిగిన పిల్ల ఉంది. దాని పెళ్ళి ఏం గాను?"

'ఆ రోగం' అంటే ఆమె మనసులో ఉన్నది హెచ్.ఐ.వి. ఆమె భయంలో రెండు జబ్బులు కలిసిపోయాయి. ఈ భయంతోనే చాలామంది ఆడవాళ్ళు నెలల తరబడి ఆస్పత్రికి పోరు. పోయేసరికి ఆలస్యం అవుతుంది. కాబట్టి ఈ రెండు జబ్బుల సంగతి విడివిడిగా తెలుసుకుందాం. రెండూ కలిస్తే ఏమవుతుందో కూడా తెలుసుకుందాం.

రెండూ ఒకటి కాదు

టి.బి.నే క్షయ అంటాం. ఇది ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుంది. ఆ సూక్ష్మజీవి కంటికి కనపడదు. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ అనే జర్మనీ డాక్టరు దాన్ని కనిపెట్టినట్టు ప్రకటించాడు. అందుకే ఏటా మార్చి 24ను ప్రపంచ క్షయ దినంగా జరుపుతారు.

ఊపిరితిత్తుల్లో టి.బి. ఉన్నవాళ్ళు దగ్గినప్పుడు సూక్ష్మజీవులు గాలిలో కలుస్తాయి. ఆ గాలి పీల్చిన వాళ్ళకు అంటుతాయి. ఇది శాపం కాదు. పాపం కాదు. వంశం వల్ల వచ్చేదీ కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసుతో తాగినా రాదు. బట్టలు తాకితే రాదు. గాలి ఆడని ఇరుకు ఇంట్లో, మందులు వాడని రోగితో చాలాకాలం కలిసి ఉంటే అంటే అవకాశం ఎక్కువ.

హెచ్.ఐ.వి. వేరు. అది గాలి ద్వారా రాదు. దగ్గితే రాదు. హెచ్.ఐ.వి. ఉన్నవారితో నిరోధ్ లేకుండా కలిస్తే రావచ్చు. హెచ్.ఐ.వి. ఉన్న రక్తం ఎక్కిస్తే రావచ్చు. వాడిన సూది మళ్ళీ వాడితే రావచ్చు. తల్లి నుంచి బిడ్డకు రావచ్చు. మన దేశంలో ఇది మొదట 1986లో మద్రాసులో బయటపడింది. మద్రాసునే ఇప్పుడు చెన్నై అంటున్నాం.

టి.బి. వచ్చినంత మాత్రాన హెచ్.ఐ.వి. ఉన్నట్టు కాదు. మన దేశంలో టి.బి. వచ్చినవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా హెచ్.ఐ.వి. లేదు. ఊళ్ళో ఎవరైనా రెండింటినీ ముడిపెట్టి మాట్లాడితే ఈ మాట చెప్పాలి.

నివురు కింద నిప్పు

మరి డాక్టర్లు ఈ రెండు జబ్బుల పేర్లు కలిపి ఎందుకు చెబుతారు?

రాత్రి వంట అయ్యాక పొయ్యిలో నిప్పుల మీద నివురు కప్పుకుంటుంది. చూస్తే పొయ్యి ఆరినట్టే ఉంటుంది. లోపల నిప్పు ఉంటుంది. గాలి వీచి నివురు ఎగిరిపోయిందా, నిప్పు రాజుకుంటుంది. పక్కన పత్తి కట్టె ఉంటే భగ్గుమంటుంది.

టి.బి. సూక్ష్మజీవి కూడా అంతే. అది చాలామంది ఒంట్లో నివురు కింద నిప్పులా పడి ఉంటుంది. అప్పుడు దగ్గు ఉండదు. జ్వరం ఉండదు. వాళ్ళ నుంచి ఎవరికీ అంటదు. మన ఒంట్లో జబ్బులతో పోరాడే శక్తి ఉంది. దాన్నే రోగ నిరోధక శక్తి అంటారు. ఆ శక్తే నివురులాగా సూక్ష్మజీవిని కప్పి ఉంచుతుంది.

హెచ్.ఐ.వి. లేనివాళ్ళలో ఇలా సూక్ష్మజీవి ఉన్నవారు నూరు మంది ఉంటే, వాళ్ళ జీవితకాలం మొత్తంలో 5 నుంచి 10 మందికి మాత్రమే టి.బి. జబ్బు వస్తుంది. మిగతావాళ్ళకు రాదు.

హెచ్.ఐ.వి. సరిగ్గా ఆ నిరోధక శక్తినే దెబ్బ తీస్తుంది. నివురును ఊదేస్తుంది. అందుకే హెచ్.ఐ.వి. ఉండి మందులు వాడని వాళ్ళకు టి.బి. వచ్చే ప్రమాదం పది రెట్లకు పైగా ఎక్కువ. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళ ప్రాణాలు తీసే జబ్బుల్లో టి.బి.దే మొదటి స్థానం.

నిరోధక శక్తిని తగ్గించేవి ఇంకా ఉన్నాయి. సరైన తిండి లేకపోవడం. షుగరు జబ్బు. బీడీ, చుట్ట, సారా. రాళ్ళ క్వారీల్లో దుమ్ము ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. కాబట్టి హెచ్.ఐ.వి. లేదు గదా అని టి.బి. రాదనుకోకూడదు.

2023లో ప్రపంచం మొత్తం మీద సుమారు 1 కోటి 8 లక్షల మందికి కొత్తగా టి.బి. వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో నూటికి 26 మంది మన దేశం వాళ్ళే. ఆ ఏడు టి.బి.తో సుమారు 12 లక్షల 50 వేల మంది చనిపోయారు. వాళ్ళలో సుమారు 1 లక్షా 61 వేల మందికి హెచ్.ఐ.వి. కూడా ఉంది. మందు ఉన్న జబ్బుకు ఇంతమంది చనిపోయారు. ఆలస్యం ఎంత చెడ్డదో ఈ లెక్కే చెబుతుంది.

దగ్గు ఎన్నాళ్ళు చూడాలి?

కళ్ళంలోని చిన్నామెకు ఒక వదిన ఉంది. అన్న చనిపోయాడు. వదినకు హెచ్.ఐ.వి. ఉంది. ఆమె ఏ.ఆర్.టి. మందులు వాడుతోంది. హెచ్.ఐ.వి.ని అణచి ఉంచే మందులను ఏ.ఆర్.టి. మందులు అంటారు. అవి రోజూ వేసుకుంటూ ఆమె కూలికి పోతోంది. పిల్లల్ని చదివిస్తోంది.

ఆ వదినకు ఒకసారి నాలుగు రోజులు కొంచెం జ్వరం, పొడి దగ్గు వచ్చాయి. "నాలుగు రోజులే గదా" అని ఆమె ఊరుకోలేదు. వెంటనే ఆస్పత్రికి పోయింది. ఆమె చేసింది మంచి పని. ఎందుకంటే లెక్క ఇద్దరికీ ఒకటి కాదు.

హెచ్.ఐ.వి. లేనివాళ్ళు: రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి. దగ్గులో రక్తం పడితే రెండు వారాలు కూడా ఆగకూడదు.

హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళు: ఒక్కరోజు దగ్గినా చెప్పాలి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా పరీక్ష చేయించుకోవాలి.

ఎందుకీ తేడా? నిరోధక శక్తి ఉన్న ఒంట్లో ఆ శక్తికీ సూక్ష్మజీవికీ పెద్ద పోరు జరుగుతుంది. దాంతో దగ్గు, తెమడ ఎక్కువగా ఉంటాయి. జబ్బు బయటికి కనబడుతుంది. శక్తి బాగా తగ్గిన ఒంట్లో పోరు తక్కువ. దగ్గు పెద్దగా ఉండకపోవచ్చు. జబ్బు మాత్రం లోపల తొందరగా ముదురుతుంది. ఊపిరితిత్తులు ఒక్కటే కాదు, మెడ దగ్గర గడ్డలకు రావచ్చు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరవచ్చు. కడుపుకూ, మెదడు పొరలకూ రావచ్చు. ఇవి హెచ్.ఐ.వి. లేనివాళ్ళకూ వస్తాయి. ఉన్నవాళ్ళకు ఎక్కువగా వస్తాయి.

పరీక్ష ఎలా చేస్తారు?

తెమడనే గళ్ళ అనీ, కళ్ళె అనీ అంటాం. ఉమ్మి వేరు, తెమడ వేరు. ఉమ్మి పరీక్షకు పనికిరాదు. నోరు పుక్కిలించి, గట్టిగా గాలి పీల్చి, రొమ్ము లోపలి నుంచి దగ్గి తెమడ తీయాలి. ఆ పని ఆరుబయట, పక్కన ఎవరూ లేని చోట చేయాలి. పొద్దున లేవగానే వచ్చే తెమడ మంచిది.

వెనక భూతద్దం కింద పెట్టి చూసేవాళ్ళు. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళ తెమడలో సూక్ష్మజీవులు తక్కువగా ఉంటాయి. భూతద్దానికి దొరక్కపోవచ్చు. అందుకే ఇప్పుడు సీబీనాట్, ట్రూనాట్ అనే మిషన్లతో పరీక్ష చేస్తున్నారు. సూక్ష్మజీవులు కొద్దిగా ఉన్నా ఈ మిషన్లు పట్టగలవు. ముఖ్యమైన మందుకు ఆ సూక్ష్మజీవి లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు.

టి.బి. ఉందని తేలితే హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేయించుకొమ్మంటారు. షుగరు పరీక్ష కూడా చేస్తారు. ఇది అనుమానంతో అడిగేది కాదు. టి.బి. వచ్చిన ప్రతి ఒక్కరినీ అడుగుతారు. హెచ్.ఐ.వి. ఉందని ముందే తెలిస్తే దానికీ మందు మొదలుపెట్టి ప్రాణం కాపాడవచ్చు. లేదని తెలిస్తే ఆ బెంగ తీరిపోతుంది.

మందుతో నయమవుతుందా?

మన పెద్దలకు మంగళగిరి శానిటోరియం గుర్తుండే ఉంటుంది. ఇవాళ ఎయిమ్స్ ఆసుపత్రి ఉన్న చోటే ఒకప్పుడు ఆ టి.బి. ఆసుపత్రి ఉండేది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో ఇంకా పాత శానిటోరియం ఉంది. మందులు లేని రోజుల్లో మంచి గాలి, తిండి, విశ్రాంతి ఇచ్చి రోగుల్ని నెలలు, ఏళ్ళు అక్కడ ఉంచేవాళ్ళు. ఇల్లు, పిల్లల్ని వదిలి పోవాల్సి వచ్చేది. "క్షయ వస్తే ఇల్లు వదలాల్సిందే" అనే భయం ఆనాటిది.

తర్వాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టారు. కొందరు రోగులకు శానిటోరియంలో మందులు ఇచ్చారు. కొందరికి వాళ్ళ పేద ఇళ్ళలోనే ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళకూ శానిటోరియంలో వాళ్ళంత బాగా నయమైంది. వాళ్ళ వల్ల ఇంట్లో వాళ్ళకు జబ్బు ఎక్కువేమీ కాలేదు. అప్పటి నుంచి ప్రపంచమంతా ఇంటి దగ్గరే టి.బి. మందులు వాడే పద్ధతి పెరిగింది. అంటే టి.బి. వచ్చినామెను ఇంట్లోంచి పంపాల్సిన పని లేదని అరవై ఏళ్ళకు ముందే తేలిపోయింది.

ఇప్పుడు మామూలు టి.బి.కి ఆరు నెలలు మందులు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు. తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. అన్నీ కలిపి చేసిన బిళ్ళలే ఇస్తారు. బరువును బట్టి ఎన్ని బిళ్ళలో చెబుతారు. రోజూ వేసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు.

హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకు కూడా ఇవే మందులు. మామూలుగా ఆరు నెలలే. వాళ్ళకూ నయమవుతుంది. అయితే కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి.

ముందు టి.బి. మందులు మొదలుపెడతారు. ఏ.ఆర్.టి. వాడనివాళ్ళకు మామూలుగా రెండు వారాల్లోపు అది కూడా మొదలుపెడతారు. మెదడు పొరలకు టి.బి. వస్తే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చూసి చెబుతారు.

ముందునుంచే ఏ.ఆర్.టి. వాడేవాళ్ళు ఆ సంగతి టి.బి. డాక్టరుకు చెప్పాలి. దాచకూడదు. కొన్ని మందులు కలిస్తే ఒకదాని బలం ఒకటి తగ్గిస్తుంది. అప్పుడు డాక్టరు మోతాదు మారుస్తారు.

ఏ.ఆర్.టి. మొదలైన కొన్ని వారాలకు కొందరికి జ్వరం, గడ్డలు మళ్ళీ పెరుగుతాయి. నిరోధక శక్తి తిరిగి లేచి పోరాడుతోందన్న మాట. భయపడి మందులు మానకూడదు. ఆస్పత్రికి పోయి చూపించుకోవాలి.

టి.బి. మందులు ఆరు నెలలకు అయిపోతాయి. ఏ.ఆర్.టి. మాత్రం జీవితాంతం వాడాలి.

నెల తిరిగాక మానేస్తే?

మందులు మొదలైన నెలకే దగ్గు తగ్గుతుంది. ఆకలి వేస్తుంది. అప్పుడే చాలామంది మానేస్తారు. చేలో కలుపు పైపైన కోస్తే వేరు పోతుందా? మళ్ళీ మొలుస్తుంది గదా! టి.బి. కూడా అంతే. మిగిలిన సూక్ష్మజీవులు ఆ మందులకు లొంగకుండా తయారవుతాయి. దాన్నే మొండి టి.బి. అంటారు. దానికి మందులు వేరు. కష్టమూ ఎక్కువ.

కోతలకు వేరే ఊరి నుంచి వచ్చినవాళ్ళు సొంతూరికి పోయేటప్పుడు ముందుగా ఆస్పత్రిలో చెప్పాలి. అక్కడి ఆస్పత్రిలో మందులు అందేలా చూస్తారు. ఊరు మారినా మందు ఆగకూడదు.

ఆడవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సినవి

మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగు. రక్తం కాదు. భయపడొద్దు.

కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా వెంటనే ఆస్పత్రికి పోవాలి.

పిల్లలు పుట్టకుండా రోజూ బిళ్ళలు వేసుకునేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. టి.బి. మందు ఆ బిళ్ళల బలాన్ని తగ్గిస్తుంది. నిరోధ్, కాపర్-టి వంటి వేరే పద్ధతి అడగాలి.

కడుపుతో ఉన్నవాళ్ళు కూడా టి.బి. మందులు వాడవచ్చు. ఆ సంగతి ముందే చెబితే డాక్టరు తగిన మందులే ఇస్తారు. టి.బి. మందులు వాడే తల్లి బిడ్డకు పాలివ్వవచ్చు. మందు మొదలైన కొత్తలో నోటికి గుడ్డ కట్టుకోవాలి.

ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినడం ఆడవాళ్ళకు అలవాటు. టి.బి. వచ్చినామెకు అది పనికిరాదు. పప్పు, గుడ్డు, పాలు, వేరుశెనగ, ఆకుకూర తినాలి. వేళకు తినాలి. కడుపునిండా తినాలి.

ఇంట్లో వాళ్ళకు ఏం చేయాలి?

దగ్గేటప్పుడు చీరకొంగు అడ్డం పెట్టుకోవాలి. కిటికీలు తెరవాలి. తెమడ ఎక్కడంటే అక్కడ ఉమ్మకూడదు. మందులు సరిగా వేసుకుంటే కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. కంచం, చాప వేరు చేయాల్సిన పని లేదు.

ఇంట్లో అందరికీ పరీక్ష చేయించాలి. ముఖ్యంగా ఐదేళ్ళ లోపు పిల్లలకు. జబ్బు లేదని తేలాక, రాకుండా ముందుగా వాడే మందులు ఇస్తారు. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకు కూడా ఈ ముందు జాగ్రత్త మందు ఇస్తారు. నివురు కింద నిప్పును ఆర్పడానికే ఇది.

మన హక్కులు

టి.బి. మందులు వాడేవాళ్ళకు పోషణ కోసం కేంద్ర ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 రూపాయలు చేసింది. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా మన పేరున ఉంటే మంచిది. పుస్తకంలో డబ్బు పడిందో లేదో మనమే చదువుకోవచ్చు.

హెచ్.ఐ.వి. మీద 2017లో ఒక చట్టం వచ్చింది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమలైంది. మన ఒప్పుదల లేకుండా హెచ్.ఐ.వి. పరీక్ష చేయకూడదు. మన సంగతి బయట చెప్పకూడదు. హెచ్.ఐ.వి. ఉందని పనిలోంచి తీసేయకూడదు. బడిలో, ఆస్పత్రిలో తేడా చూపకూడదు. ఏ కాగితం మీదైనా చదివిన తర్వాతే సంతకం పెట్టాలి. మనం నేర్చుకున్న అక్షరం ఇలాంటి చోటే అక్కరకు వస్తుంది.

టి.బి. గురించి అడగాలంటే 1800-11-6666కు ఫోను చేయవచ్చు. హెచ్.ఐ.వి. గురించి అడగాలంటే 1097కు చేయవచ్చు. రెండింటికీ డబ్బు ఖర్చు కాదు.

మళ్ళీ కళ్ళంలో

ఆ రోజు చిన్నామె ఊరుకోలేదు. "రేపు కూలి పోతే పోనీ. నేనూ వస్తా, పద అక్కా" అని పెద్దామెను వెంటబెట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయింది. తెమడ పరీక్షలో టి.బి. అని తేలింది. హెచ్.ఐ.వి. లేదు. ఆశ కార్యకర్త మందులు ఎలా వేసుకోవాలో చెప్పింది. పెద్దామె కూతురు రోజూ బిళ్ళ వేసుకోగానే కార్డు మీద గీత పెట్టింది.

వదినకు కూడా పరీక్ష చేశారు. తెమడ భూతద్దంలో ఏమీ కనపడలేదు. మిషనులో టి.బి. అని వచ్చింది. తొందరగా పోయింది కాబట్టి జబ్బు ముదరలేదు. ఆమెకూ మందులు మొదలుపెట్టారు.

ఒకామెకు నెల దాటాక తెలిసింది. ఇంకొకామెకు నాలుగు రోజులకే తెలిసింది. మందులు ఒకటే. ఆరు నెలలకు ఇద్దరికీ నయమైంది.

తర్వాతి కోతలకు పెద్దామె మళ్ళీ కళ్ళానికి వచ్చింది. పక్కన కూర్చున్న ఒక పిల్ల ఆగకుండా దగ్గుతోంది.

"ఎన్నాళ్ళ నుంచే ఈ దగ్గు?" అని ఆ పిల్లను అడిగింది పెద్దామె.

గుర్తుంచుకుందాం

రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష.
హెచ్.ఐ.వి. ఉంటే ఒక్కరోజు దగ్గుకైనా పరీక్ష.
టి.బి. ఉంటే హెచ్.ఐ.వి. పరీక్ష, హెచ్.ఐ.వి. ఉంటే టి.బి. పరీక్ష.
ఆరు నెలలూ ఒక్క పూట మానకుండా మందు.

మాట్లాడుకుందాం

1. పెద్దామె ఆస్పత్రికి పోవడానికి ఎందుకు భయపడింది? మన ఊళ్ళో అలాంటి భయం ఉందా?
2. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళు దగ్గు రెండు వారాలు దాటేదాకా ఎందుకు ఆగకూడదు?
3. మన ఊరికి దగ్గరలో తెమడ పరీక్ష ఎక్కడ చేస్తారు? తెలుసుకుని రాయండి.